చూడని లోకంపై అనురాగం

ఎన్నడూ కంట చూడని వ్యక్తిపై అనురాగం కలగడం సాధ్యమా? సాహిత్యానికి ఈ ప్రశ్న కొత్తది కాదు. విదర్భ రాజపుత్రి దమయంతి నలుని చూడలేదు. హంస వచ్చి అతని రూపగుణాలను వర్ణించింది, ఆమె విన్నది, విన్నంతనే ఆమె మనసు నలుని వశమైంది. బాణాసురుని కూతురు ఉష కలలో ఒక యువకుణ్ణి చూసింది. చెలికత్తె చిత్రరేఖ ఎందరో వీరుల రూపాలను చిత్రించి చూపగా, వాటిలో అనిరుద్ధుణ్ణి పోల్చుకున్నది. ఉర్దూ మస్నవీలలోను, దాస్తానులలోను తస్వీరు చూసి మూర్ఛిల్లిన షెహజాదాలకు కొదవ లేదు. కలయికకు ముందే పుట్టే ఈ అనురాగానికి మన ఆలంకారికులు పూర్వరాగమని పేరు పెట్టారు.

అయితే మేము ఈ వ్యాసంలో పరిశీలింపదలచినది నలదమయంతుల ప్రణయం కాదు. ఇంకా విడుదల కాని ఒక వీడియో గేమును, అందులోని పాత్రలను, అందలి కల్పిత లోకాన్ని నేటి యువకులు ఎంత గాఢంగా ప్రేమిస్తారో, ఆ ప్రేమ స్వభావమెట్టిదో, దానివల్ల విద్యార్థికి కలిగే మేలు ఎంత, కీడు ఎంత అన్నది మా విషయం. తెలుగు అధ్యాపకులకు వీడియో గేములతో ఏమి పని అని పెద్దలకు అనిపించవచ్చు. మాకు ఈ పని కల్పించినవాడు మా విద్యార్థి ఒకడు. కావున అతని సంగతితోనే ప్రారంభిస్తాము.

ఒక నోటు పుస్తకం

2021 చివరలో, కరోనా సెలవుల అనంతరం తరగతులు తిరిగి జరుగుతున్న రోజులవి. ఇంటర్నల్ పరీక్షలో "దమయంతి నలుని చూడకముందే ఎట్లు అనురక్తురాలైంది?" అని ఒక ప్రశ్న ఇచ్చాము. వెనుక బెంచీలో కూర్చునే ఆ విద్యార్థి ఆ ప్రశ్నకు ఒక్క వాక్యమైనా రాయక కాగితం తిరిగి ఇచ్చాడు. అదే వారంలో పాఠం నడుస్తుండగా అతడు బెంచీ కింద ఒక నోటు పుస్తకం పెట్టుకొని ఏదో గీస్తూ కనబడ్డాడు. మేము ఆ పుస్తకాన్ని లాక్కున్నాము. నలుగురి ముందు గట్టిగానే మందలించాము. చదువు మీద ధ్యాస లేనివాడు కళాశాలకు రానక్కరలేదు అన్నాము.

స్టాఫ్ రూముకు వచ్చి తెరిచి చూస్తే అందులో అరవై పేజీలకు పైగా రాత ఉంది. కొంత తెలుగు, కొంత ఉర్దూ, పేర్లు ఇంగ్లీషులో. పెన్సిలుతో గీసిన ఒక దేశపటం, రాజవంశాల వృక్షాలు, ఆయుధాల బొమ్మలు ఉన్నాయి. ఒక పేజీ పైన "వలయాన్ని పగలగొట్టింది ఎవరు?" అని ప్రశ్న వేసి, దానికి ఏడు ఊహలు రాశాడు. ప్రతి ఊహకు ఎదురుగా కారణాలు చూపాడు. అట్ట లోపలి వైపున "జనవరి 21" అని రాసి, కొట్టివేసి, దాని కింద "ఫిబ్రవరి 25" అని రాసుకున్నాడు. పూర్వరాగాన్ని గూర్చి ఒక్క వాక్యం రాయలేనివాడు దానిని అనుభవిస్తూ అరవై పేజీలు నింపాడని మాకు అప్పటికి తోచలేదు.

మరునాడు అతణ్ణి పిలిచి అడిగాము.

"ఈ గేము నువ్వు ఆడావా?"

"లేదు సార్. ఇంకా రిలీజ్ కాలేదు."

"వచ్చాక ఆడతావా?"

"మా ఇంట్లో కంప్యూటర్ లేదు సార్. వీడియోలు చూస్తాను, అంతే."

అతని తండ్రి ఒక వెల్డింగు షాపులో పనివాడు. కుర్రవాడు మధ్యాహ్నం తరగతులు మాని, మిత్రుని గదిలో కూర్చొని ఆ వీడియోలు చూసేవాడట. హాజరు 75 శాతానికి తగ్గింది. పరీక్షకు కూర్చోవాలంటే కండొనేషన్ ఫీజు కట్టాలి. ఆ ఫీజు తండ్రి కష్టార్జితంలోనుంచి రావలసిందే. ఈ రెండు సత్యాలూ, అనగా ఆ నోటు పుస్తకంలోని శ్రద్ధ, ఆ ఫీజు రసీదు, మా మనసులో పక్కపక్కన నిలిచాయి. ఏ ఒక్కదానిని మరచినా తీర్పు తప్పుతుందని మాకు అనిపించింది.

నిరీక్షణ చరిత్ర

ఆ విద్యార్థి ఎదురుచూసిన గేము పేరు ఎల్డెన్ రింగ్. దానిని నిర్మించినది జపాన్ దేశపు ఫ్రమ్ సాఫ్ట్‌వేర్ సంస్థ. దర్శకుడు హిదెతాక మియజాకి. ఆ లోకపు ప్రాచీన చరిత్రను, పురాణాన్ని కల్పించినవాడు అమెరికన్ నవలారచయిత జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్. 2019 జూన్‌లో లాస్ ఏంజెలెస్ నగరంలో జరిగిన ప్రదర్శనలో దీనిని మొదటిసారి ప్రకటించారు. ఆనాటి ట్రైలరులో చూపినది బహు స్వల్పం: సుత్తి ఎత్తిన ఒక మూర్తి, చీకటిలో కొన్ని ఆకారాలు, ఒక మహావలయం భగ్నమైనదన్న మాట. దానిని భగ్నం చేసినది ఎవరో చెప్పలేదు.

అటుపిమ్మట రెండేళ్ళు సంస్థ దాదాపు మౌనం వహించింది. ఆ మౌనకాలంలో అభిమానులు ఊరకుండలేదు. చిన్న దృశ్యాన్ని కూడా నిలిపి నిలిపి చూశారు. ప్రతి నీడకు ఒక అర్థం కల్పించారు. చివరకు చర్చించడానికి సామగ్రి చాలక, గేములో లేని పాత్రలను తామే సృష్టించారు. పొడవాటి కర్రకు కత్తి అమర్చిన ఆయుధాన్ని గ్లేవ్ అంటారు. ఆ ఆయుధంలో ఆరితేరిన 'గ్లేవ్ మాస్టర్ హోడిర్' అనే శత్రువు ఒకడున్నాడని, అతణ్ణి ఓడించడం ఎంతో కష్టమని పరిహాసంగా చెప్పుకున్నారు. నిజమైన గేములో హోడిర్ లేడు. అయినా అభిమానులందరికీ అతడు సుపరిచితుడే. 2020 డిసెంబరులో జరిగిన గేమ్ అవార్డుల ఉత్సవంలో, ఆడే తీరును ఒక్క దృశ్యంగానైనా చూపని ఈ గేముకే 'అత్యంత నిరీక్షితమైన గేము' అనే పురస్కారం లభించింది.

2021 జూన్ 10న రెండవ ట్రైలరు వచ్చింది. అందులో పెద్ద బాన వంటి దేహానికి కాళ్ళూ చేతులూ మొలిచిన ఒక విచిత్ర పాత్ర క్షణకాలం కనిపించింది. పేరు తెలియకముందే అభిమానులు అతణ్ణి ఆదరించారు, బొమ్మలు గీశారు. గేము వచ్చాక తెలిసినది ఏమనగా, అతడు అలెగ్జాండర్ అనే వీరుడు. మృతవీరుల శేషాలను తన గర్భంలో మోస్తూ, తానొక మహావీరుడు కావాలని తిరిగేవాడు. కుంభసంభవుల కథలు విన్న మనకు ఈ కల్పన మరీ పరాయిదిగా తోచదు.

విడుదల తేదీ మొదట 2022 జనవరి 21 అన్నారు. 2021 అక్టోబరులో దానిని ఫిబ్రవరి 25కు మార్చారు. మా విద్యార్థి అట్టపై కొట్టివేత అదే. విడుదలైన మూడు వారాలకే కోటి 20 లక్షల ప్రతులు అమ్ముడయ్యాయని సంస్థ ప్రకటించింది. ఆ సంవత్సరపు ఉత్తమ గేము పురస్కారమూ దానికే వచ్చింది.

పూర్వరాగ లక్షణం

ఇంత ప్రేమ ఎట్లు పుట్టింది? 14వ శతాబ్దికి చెందిన విశ్వనాథ కవిరాజు తన సాహిత్యదర్పణంలో పూర్వరాగానికి రెండు కారణాలు చెప్పాడు: శ్రవణం, దర్శనం. దూతలు, వందిమాగధులు, సఖులు వర్ణించగా వినడం శ్రవణం. ఇక దర్శనం నాలుగు విధాలు: ఇంద్రజాలంలో చూడడం, చిత్రంలో చూడడం, సాక్షాత్తుగా చూడడం, స్వప్నంలో చూడడం. నేటి ట్రైలరును ఈ జాబితాలో ఎక్కడ చేర్చాలో మా విద్యార్థులకు వేరుగా చెప్పనక్కరలేదు. అది ఇంద్రజాలమూ, చిత్రమూ కలిసిన దర్శనం. దానిని గూర్చి మిత్రులు చెప్పుకొనే మాటలు హంస పలుకులు.

అట్లే సంచారి భావాలు ముప్పదిమూడింటిలో ఔత్సుక్యం ఒకటి. ఇష్టమైన వస్తువును పొందడంలో జరిగే కాలవిలంబాన్ని సహింపలేకపోవడం దాని లక్షణం. తేదీని కొట్టివేసి మరొక తేదీ రాసుకోవడం ఔత్సుక్యానికి చక్కని ఉదాహరణ. కాబట్టి ఈ అభిమానాన్ని నేటి కాలపు వెర్రి అని తోసివేయడం ఉచితం కాదు. ప్రేమకు ఆలంబనం మారిందే గాని మనసు నడిచే దారి మారలేదు.

ఖాళీలు చేసే పని

కల్పితలోకాన్ని ప్రేమించడానికి మరొక కారణం ఆ లోకాన్ని నిర్మించిన తీరులో ఉంది. అన్నీ చెప్పిన లోకం కంటే కొంత చెప్పి, కొంత విడిచిన లోకం మనసును ఎక్కువగా పట్టుకుంటుంది. ఎల్డెన్ రింగ్‌లో కథను ఒకచోట కూర్చోబెట్టి చెప్పరు. ఒక ఉంగరం దొరికితే దాని వర్ణనలో రెండు వాక్యాలు ఉంటాయి. శిథిలమైన కోటలో ఒక విగ్రహానికి తల ఉండదు. ఒక వృద్ధురాలు ఒక పేరు పలికి ఊరకుంటుంది. వీటిని కూర్చి చరిత్రను ఊహించుకోవలసినవాడు ఆటగాడే. శాసన శకలాల నుంచి రాజవంశ చరిత్రను నిర్మించే చరిత్రకారుని పని వంటిదే ఇది.

ఈ పద్ధతి మియజాకికి ఎట్లు అలవడిందో ఆయన స్వయంగా 2015లో ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు. ఆయన జపాన్‌లోని షిజుఓకా ప్రాంతంలో పేద కుటుంబంలో పెరిగాడు. ఇంట్లో పుస్తకాలు కొనే స్తోమత లేదు. గ్రంథాలయం నుంచి తన వయసుకు, తన చదువుకు మించిన పుస్తకాలు తెచ్చుకొనేవాడు. సగం పేరాలు అర్థమయ్యేవి కావు. అర్థం కానిచోట బొమ్మలను ఆధారం చేసుకొని, మిగిలిన కథను తానే ఊహించి నింపుకొనేవాడు. ఆ పిల్లవాడు పెద్దవాడై నిర్మించిన లోకాలలో ఖాళీలు ఎందుకు ఉన్నాయో దీనివల్ల తెలుస్తుంది. చదువురాని లోటు అనుకున్నదే ఆయనకు కళగా పరిణమించింది.

మా కళాశాల విద్యార్థులలో పలువురు ఇంట ఉర్దూ, వీధిలో తెలుగు, పాఠ్యపుస్తకంలో ఇంగ్లీషు అనే మూడు భాషల నడుమ తిరిగేవారే. ప్రతి భాషలోను కొన్ని మాటలు అర్థమవుతాయి, కొన్ని కావు. ఆ ఖాళీలను ఊహతో నింపుకోవడం వారికి నిత్యకృత్యం. మియజాకి బాల్యం వారికి దూరపు సంగతి కాదు.

తిలిస్మ్ లోకం

ఉర్దూ విభాగపు మిత్రులతో ఈ ముచ్చట వచ్చినప్పుడు వారు తిలిస్మ్-ఎ-హోష్‌రుబాను జ్ఞాపకం చేశారు. అమీర్ హంజా దాస్తానులో భాగమైన ఈ మహాగ్రంథాన్ని లక్నోలోని నవల్ కిశోర్ ముద్రణాలయం 1883 నుండి పదేళ్ళ కాలంలో ప్రచురించింది. మొదటి నాలుగు సంపుటాలు ముహమ్మద్ హుసేన్ జాహ్ రాయగా, తక్కినవి అహ్మద్ హుసేన్ ఖమర్ పూర్తి చేశాడు.

తిలిస్మ్ అంటే మాంత్రికులు నిర్మించిన లోకం. అందులో మాయానగరాలు, మాయానదులు, మాయాసైన్యాలు ఉంటాయి. అయినా అది అరాజకం కాదు. దానికి నియమాలు ఉంటాయి. దానిని ఛేదించగలవాడు ఎవరో ముందే నిర్ణయమై ఉంటుంది. హోష్‌రుబాకు అతడు హంజా మనుమడైన అసద్. ఛేదించే ఉపాయం ఒక ఫలకంలో దాగి ఉంటుంది. దానినే లౌహ్ అంటారు. ఇక అమర్ అయ్యార్ భుజాన వేలాడే జంబీల్ సంచిలో సమస్త వస్తువులూ ఇముడుతాయి. నేటి గేములో ఆటగాడు ఇరవై ఖడ్గాలను, పది కవచాలను ఏ సంచీ కనబడకుండానే మోసుకొని పోతుంటే అమర్ అయ్యార్ జ్ఞప్తికి రాక మానడు. ఒకదాని నుంచి మరొకటి పుట్టిందని మేము చెప్పడం లేదు. నియమబద్ధమైన మాయాలోకంలో ప్రవేశించి, దాని మర్మం కనిపెట్టాలనే కోరిక దేశకాలాలను అతిక్రమించినదని మాత్రమే మా తాత్పర్యం.

తెలుగులోను ఇట్టి నిరీక్షణ ఉండేది. 1947 జులైలో ప్రారంభమైన చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారు తన పేరు వేసుకోకుండా రాసిన తోకచుక్క, రాకాసిలోయ, పాతాళదుర్గం వంటి ధారావాహికల కోసం, వాటికి చిత్రా గీసిన బొమ్మల కోసం నెలనెలా ఎదురుచూసిన తరం ఒకటి ఉన్నది. ఆ సంచిక చేతికి వచ్చేలోగా తరువాతి కథను తామే అల్లుకొన్న బాలురు ఎందరో!

మూడు రంగులు

అనురాగం సహజమని అంగీకరించిన పిమ్మట, అన్ని అనురాగాలూ సమానమేనా అన్న ప్రశ్న వస్తుంది. దీనికి కూడా విశ్వనాథుడు దారి చూపాడు. పూర్వరాగాన్ని ఆయన అద్దకపు రంగులతో పోల్చి మూడు విధాలుగా విభజించాడు: నీలి రాగం, కుసుంభ రాగం, మంజిష్ఠ రాగం. రాగమంటే రంగు, ప్రేమ అనే రెండర్థాలూ ఉండడం ఇక్కడ సొగసు. నీలి రంగు పైకి అంతగా మెరవదు, కాని వదలదు. కుసుమ పూల నుంచి తీసిన ఎరుపు ఎంతో శోభిస్తుంది, ఉతికితే పోతుంది. మంజిష్ఠ వేరు నుంచి వచ్చిన ఎరుపు శోభిస్తుంది, వదలదు కూడా. సీతారాముల అనురాగాన్ని ఆయన నీలి రాగానికి ఉదాహరణగా చెప్పాడు. అభిమానుల ప్రేమను ఈ మూడు రంగులతో పరీక్షించవచ్చు.

మొదట కుసుంభ రాగం. బ్రిటన్‌లో నిర్మితమైన నో మ్యాన్స్ స్కై అనే అంతరిక్ష గేమును ఉదాహరణగా తీసుకోవచ్చు. లెక్కకు అందనన్ని గ్రహాలు ఇందులో ఉన్నాయని విని అభిమానులు ఎంతగానో ఉప్పొంగారు. 2016 మేలో దాని విడుదలను కొన్ని వారాలు వాయిదా వేశారు. అంతమాత్రానికే కొందరు నిర్మాతకు ప్రాణహాని బెదిరింపులు పంపారు. ఆ ఆగస్టులో గేము వచ్చినప్పుడు తాము ఊహించుకొన్నవన్నీ అందులో లేవని మరింత ఆగ్రహించారు. నిర్మాతలు ముందుగా చెప్పిన మాటలలో అతిశయం ఉన్నదన్న విమర్శను కాదనలేము. కాని ఒక ఆట ఆలస్యమైనందుకు మనిషి ప్రాణం తీస్తామనడం ప్రేమ అనిపించుకోదు. అది మొదటి ఉతుకుకే వెలిసిన ఎరుపు. నిర్మాతలు మాత్రం మౌనంగా పని కొనసాగించి, ఏళ్ళ తరబడి ఉచితంగా మార్పులు చేర్పులు చేసి, పోయిన గౌరవాన్ని చాలావరకు తిరిగి సంపాదించుకున్నారు.

రెండవది నీలి రాగం. ఆస్ట్రేలియాలోని అడిలైడ్ నగరానికి చెందిన టీమ్ చెర్రీ అనే బహు చిన్న బృందం 2017లో హాలో నైట్ అనే గేమును విడుదల చేసింది. కీటకాలు నివసించే శిథిల రాజ్యం దాని లోకం. అందులో ఆటగానికి ఎదురు నిలిచి పోరాడే హార్నెట్ అనే పాత్రను అభిమానులు ఎంతో ప్రేమించారు. ఆమెను నాయికగా చేసి సిల్క్‌సాంగ్ అనే మరొక గేము వస్తుందని 2019 ఫిబ్రవరిలో ప్రకటించారు. అది వెలువడినది 2025 సెప్టెంబరు 4న. అనగా ఆరున్నర ఏళ్ళు! ఈ మధ్యకాలంలో "నేడు కూడా వార్త ఏమీ లేదు" అని చెప్పడానికే నిత్యమూ ఒక వీడియో చేసిన అభిమాని ఒకడున్నాడు. విసుగులో కూడా హాస్యాన్ని విడువక, తమ పనులు తాము చేసుకొంటూ వేచినవారు ఎందరో ఉన్నారు. ఆలస్యానికి కారణం తగాదా కాదు, తాము ఆనందంగా పని చేస్తూ లోకాన్ని పెంచుకొంటూ పోవడమేనని నిర్మాతలు తరువాత చెప్పారు. విడుదలనాడు కొన్నవారి తాకిడికి అమ్మకపు సైట్లు కొంతసేపు స్తంభించాయి.

మూడవది మంజిష్ఠ రాగం. మియజాకి యవ్వనంలో ఆటలకు సంబంధం లేని కంప్యూటరు సంస్థలో ఉద్యోగి. ఫుమితో ఉయెదా నిర్మించిన ఇకో అనే గేము 2001లో వచ్చింది. మిత్రుని సలహాపై దానిని ఆడిన మియజాకి తన వృత్తి ఇదేనని నిశ్చయించుకున్నాడు. అనుభవం లేనివానిని, ముప్పదికి సమీపించినవానిని చేర్చుకొనే సంస్థలు అరుదు. తక్కువ జీతానికి ఒప్పుకొని 2004లో ఫ్రమ్ సాఫ్ట్‌వేర్‌లో చేరాడు. 2009లో డీమన్స్ సోల్స్, 2011లో డార్క్ సోల్స్ ఆయన దర్శకత్వంలో వెలువడ్డాయి. 2014లో ఆ సంస్థకే అధ్యక్షుడైనాడు. ఒక కల్పితలోకంపై కలిగిన ప్రేమ ఆయనను కూర్చోబెట్టలేదు, లేపి నడిపించింది. శోభించింది, వదలలేదు.

విద్యార్థులకు

ఇప్పుడు మా విద్యార్థి సంగతికి వద్దాము. అతని ప్రేమ ఏ రంగుది? తరగతులు మాని వీడియోలు చూసిన మధ్యాహ్నాలను బట్టి చూస్తే కుసుంభమే. పెన్సిలు పట్టి కారణాలతో సహా ఏడు ఊహలు రాసిన రాత్రులను బట్టి చూస్తే మంజిష్ఠం. ఒకే మనిషిలో రెండు రంగులూ ఉండవచ్చునని మేము నేర్చుకున్నాము. చూస్తూ కూర్చున్న గంట, రాస్తూ కూర్చున్న గంట పైకి ఒకే ప్రేమలాగా కనబడతాయి. మొదటిది మరునాటికి మిగలదు. రెండవది మిగులుతుంది.

మేము అతనికి నోటు పుస్తకం తిరిగి ఇచ్చి, తరగతి ముందు అన్న మాట తప్పని ఆ తరగతి ముందే చెప్పాము. పిమ్మట అదే ప్రశ్న మళ్ళీ ఇచ్చాము. దమయంతి హంస మాటలు విన్నప్పుడు ఏమైందో, నువ్వు ఆ ట్రైలరు చూసినప్పుడు ఏమైందో రెండూ కలిపి రాయమన్నాము. నాలుగు పేజీలు రాశాడు. అక్షరదోషాలు చాలా ఉన్నాయి, భావదోషం లేదు. అయితే ఆ నాలుగు పేజీలు హాజరు పట్టికలోని ఖాళీలను పూరించలేదు. ఫీజు కట్టక తప్పలేదు. ఆ సంగతి కూడా అతడు మరవకూడదని మేము దాచకుండా చెప్పాము.

గేము విడుదలైన తరువాత ఒకనాడు వచ్చి, "ఏడింట్లో ఒక్కటే కరెక్ట్ అయింది సార్. రాణే పగలగొట్టింది. కాని నా మూడోదే బాగుంటుంది సార్" అన్నాడు. అయితే ఆ మూడవదానిని నీ సొంత పేర్లతో, నీ సొంత ఊరితో కథగా రాయి అన్నాము. రాయడం మొదలుపెట్టాడు. డిగ్రీ ముగిసేనాటికి పదకొండు పేజీలు అయింది. తరువాత ఎంత సాగిందో మేము అడగలేదు. హంస వచ్చి చెప్పిన తరువాత దమయంతి కూడా ఊరక కూర్చోలేదు. స్వయంవర మండపంలో నలుని రూపం ధరించిన దేవతల నడుమ అసలు నలుని తానే గుర్తించవలసివచ్చింది. ప్రేమించినదానిని గుర్తించడానికి శ్రద్ధ, వివేకం రెండూ కావాలి. అవి అలవడే చోటు తరగతి గదే.

కమిటీ వారికి

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపాలు రెండు. మొదటిది, విద్యార్థి చేతిలోని నోటు పుస్తకాన్ని లాక్కున్నప్పుడు, చించివేయకముందు, ఒక్కసారి చదివే అలవాటు మేము అధ్యాపకులమందరం చేసుకోవాలి. తప్పు మాది గనుక ఈ మాట మాకే ముందుగా వర్తిస్తుంది.

రెండవది, మన గ్రంథాలయం తరగతులు ముగియగానే మూతపడుతున్నది. ఇంట్లో కూర్చొని చదువుకొనే చోటు లేని విద్యార్థులు మన దగ్గర చాలామంది. సాయంకాలం మరి రెండు గంటలు దానిని తెరిచి ఉంచే ఏర్పాటు చేయవలసిందని ప్రార్థిస్తున్నాము. తిలిస్మ్-ఎ-హోష్‌రుబా సంపుటాలు, మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథలు, పింగళి సూరన కళాపూర్ణోదయం ఒకే అలమారులో ఉంచి, ఈ పుస్తకం నీ స్థాయికి మించినది అని ఎవరినీ వెనక్కి పంపకుండా ఇవ్వాలి. సగం అర్థమైతే చాలును. తక్కిన సగాన్ని వారు నింపుకొంటారు. షిజుఓకాలో ఒక పేద పిల్లవానికి గ్రంథాలయం తలుపు తెరిచి ఉండడం వల్ల ఏమి జరిగిందో పైన చెప్పాము. మన పిల్లలకు సాయంకాలం అయిదు గంటలకు అట్టి తలుపు తెరిచి ఉండాలన్నదే మా కోరిక.